మధ్యలో ఆగని మీట

దూసి చిదంబరం పొద్దున లేస్తూనే స్విచ్చుల గురించి ఆలోచిస్తాడు, పడుకోబోయే ముందు స్ప్రింగుల గురించి ఆలోచిస్తాడు, మధ్యలో ఆఫీసుకి వెళ్తాడు. ఆ ఆఫీసు అనకాపల్లి వెళ్ళే రోడ్డు పక్కన ఉంది. దాని పేరు 'రాష్ట్ర విద్యుత్ మీటల రూపకల్పన, పరిశోధన, ప్రామాణీకరణ మరియు ఉత్పాదన సంస్థ'. అంత పేరు బోర్డు మీద పట్టక 'ఉత్పాదన' అన్న ముక్క పక్కగోడ మీదికి పోయింది. బోర్డు మీద పోయినట్టే పనిలోనూ పోయింది. పందొమ్మిదేళ్ళలో ఆ సంస్థ నుంచి ఒక్క స్విచ్చీ బజారుకి రాలేదు.

అలాగని అక్కడ ఎవరూ పనిచెయ్యలేదంటే కళ్ళు పోతాయి. చిదంబరం ఒక్కడే ఆరు నమూనాలు చేశాడు. మొదటిది చాలా బాగుందన్నారు గానీ, బాగున్నదాన్ని పరీక్షించే పద్ధతి తమ దగ్గర లేదన్నారు. రెండోసారి పద్ధతి దొరికింది, ఈలోగా స్విచ్చి పోయింది. మిగతా నాలుగూ ఏమయ్యాయో ఆయన్ని అడిగితే ఏడుస్తాడు, అడగొద్దు. ఇప్పుడు ఏడోది తయారైంది.

ఏడో నమూనా గొప్పతనమంతా దాని లోపలి స్ప్రింగులో ఉంది. మీట మీద వేలు పెట్టి ఎంత నెమ్మదిగా నొక్కినా సరే, సగందాకా లోపల ఏమీ జరగదు. స్ప్రింగు ముడుచుకుంటూ ఉంటుంది, అంతే. మధ్యగీత దాటిన మరుక్షణం అది విచ్చుకుని లోపలున్న రాగి రేకుని అవతలికి ఒక్క తన్ను తంతుంది. టక్! దీపం వెలిగిందా, వెలిగింది. ఆరిందా, ఆరింది. ఇటూ అటూ కాకుండా మధ్యలో వేలాడ్డమన్నది దాని ఒంట్లోనే లేదు. రేకు మధ్యలో వేలాడితే నిప్పురవ్వలు రేగుతాయి, స్విచ్చి కాలుతుంది, ఒక్కోసారి ఇల్లే కాలుతుంది. ఆ 'టక్' కోసం చిదంబరం తొమ్మిదేళ్ళు పడి చచ్చాడు.

ఆయనతో పాటు పడి చచ్చినవాళ్ళు మరో పదకొండు మంది ఉన్నారు. నమూనాల్లో స్ప్రింగులు బిగించే ఆడవాళ్ళు. వాళ్ళకి పెద్దది నూకాలమ్మ, ఆవిడ చేతిలో పడితే వెంట్రుకంత తీగ కూడా బుద్ధిగా చుట్ట చుట్టుకుంటుంది. వీళ్ళంతా తాత్కాలికం. ఎనభై తొమ్మిది రోజులు పని, తొంభయ్యో రోజు ఇంటికి, తొంభై ఒకటో రోజు మళ్ళీ కొత్తగా చేరిక. వరసగా తొంభై రోజులు చేయిస్తే పర్మనెంటు అడిగే హక్కు వచ్చేస్తుందని ఎవరో మహానుభావుడు పెట్టిన ఏర్పాటు అది. నూకాలమ్మ అలా పందొమ్మిదేళ్ళుగా కొత్తగా చేరుతూనే ఉంది. సంస్థలో తయారైన ఏ నమూనా అయినా ఉత్పత్తికెక్కితే ఈ పదకొండు మందినీ పర్మనెంటు చెయ్యవచ్చునని ఒక ఫైలుంది. ఆ ఫైలు డైరెక్టరు వైకుంఠరావు గారి బల్ల మీద ఉంది.

ఈసారి ఆయన పిలిచి తేల్చి చెప్పేశారు. "ఈ ఎనభై తొమ్మిది రోజుల్లో ఏడో నమూనా ఆమోదం పొందని పక్షంలో ఆ విభాగమే అనవసరమని పైవారి అభిప్రాయం. తొంభై ఒకటో రోజున ఎవరూ రానక్కర్లేదు."

చిదంబరం భయపడలేదు. నమూనా బంగారంలా ఉంది, ఇంకా అరవై రోజుల గడువుంది. అప్పుడొచ్చింది హైదరాబాదు నుంచి ఆ సర్క్యులరు.

దాని వెనక పెద్ద కథే ఉంది. హెడ్డాఫీసులో ఒక పెద్ద అధికారి, భోజనానికి వేళ మించిపోతోందన్న తొందరలో, తన బల్ల మీదున్న కాగితాల మీద టకటకా సంతకాలు చేసేసి వెళ్ళిపోయాడు. మర్నాడు చూసుకుంటే అందులో ఒకటి ఆయన బదిలీ ఉత్తర్వు. ఏజెన్సీకి. సంతకం ఆయనదే కాబట్టి రద్దు చెయ్యడానికి వీల్లేకపోయింది. పెట్టే బేడా సర్దుకుని కొండెక్కే ముందు ఆయన పళ్ళు నూరుకుంటూ ఒక విధానం రాసి పారేశాడు. 'తొందరపాటు నివారణ విధానం' అని పేరు. దాని సారాంశం ఒక్క ముక్క: సంస్థలో గానీ, సంస్థ తయారుచేసే వస్తువుల్లో గానీ, ఏదీ ఒక స్థితి నుంచి మరొక స్థితికి నేరుగా పోరాదు. నడుమ విధిగా 'పరిశీలన దశ' ఉండవలెను.

వారం తిరిగేసరికి ఆఫీసు మారిపోయింది. మెట్లెక్కేవాళ్ళు మలుపు దగ్గర ఆగి ఒక నిమిషం పరిశీలించుకుని మరీ ఎక్కాలి. పదింటికి వచ్చేవాళ్ళూ, పదింటికే టీకి దిగిపోయేవాళ్ళూ ఆ మలుపులో కలిసి పన్నెండు దాకా పరిశీలించుకునేవారు. తలుపులు సగం తెరిచి ఉంచమన్నారు. లావుపాటి అకౌంటెంటు ఆ సందులో ఇరుక్కుంటే, ఆయన నియమం ప్రకారమే ఉన్నాడు గనక ఎవరూ లాగలేదు. కాంటీనులో పెసరట్టు తిరగేసే ముందు పరిశీలన దశ పెట్టారు. మాడు పెసరట్టు తింటూ జనం ఆ పెద్దాయన్నీ, ఆయన భోజనం తొందర్నీ ముక్తకంఠంతో తిట్టుకున్నారు. రెండంతస్తుల మధ్య ఏడాదిగా ఆగిపోయి ఉన్న లిఫ్టుకి మాత్రం ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఏడో నమూనా ఆమోద సంఘం ముందుకొచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

సంఘంలో డైరెక్టరు వైకుంఠరావు గారూ, కార్యదర్శి సోమలింగం గారూ, ఎప్పుడూ ఏమీ మాట్లాడని ఒక నిపుణుడు గారూ ఉన్నారు. చిదంబరం చెక్కబల్ల మీద స్విచ్చీ బల్బూ బిగించి పట్టుకెళ్ళాడు. చూపుడువేలు మీట మీద పెట్టి నెమ్మదిగా నొక్కాడు. టక్. బల్బు వెలిగింది. ఆయన మొహం అంతకన్నా ఎక్కువ వెలిగింది.

వైకుంఠరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎవరి అనుమతితో టక్కుమంది?"

"స్ప్రింగండీ," అన్నాడు చిదంబరం.

"అది కాదయ్యా. ఆర్పివేయబడిన స్థితి నుంచి వెలిగింపబడిన స్థితికి నేరుగా పోయిందే, నడుమ పరిశీలన దశ ఏది?"

"దీనికి మధ్య ఉండదండీ. ఉండకూడదని తొమ్మిదేళ్ళు కష్టపడ్డానండీ."

సోమలింగం గారు నోట్సు రాసుకుంటూ తలెత్తారు. "అనగా, పైవారిని సంప్రదించక స్వయముగా నిర్ణయము గైకొను స్వభావము ఈ మీటకు కలదని మీరు అంగీకరిస్తున్నారన్నమాట."

"మీటకి స్వభావమేమిటండీ నా మొహం!"

"మీ మొహం ప్రస్తుత సమావేశ పరిధిలోకి రాదు," అన్నారు సోమలింగం గారు.

ఆ తరవాత ముగ్గురూ వంతులవారీగా మీటని మధ్యలో ఆపడానికి ప్రయత్నించారు. వైకుంఠరావు గారు ఊపిరి బిగబట్టి నొక్కారు. టక్. సోమలింగం గారు గోటితో నొక్కారు. టక్. నిపుణుడు గారు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని నొక్కారు. టక్. పావుగంట సేపు ఆ గదిలో పెళ్ళివారిల్లులా బల్బు వెలుగుతూ ఆరుతూ ఉంది. చివరికి 'సదరు మీట సంఘముతో సహకరింపలేదు' అని మినిట్స్‌లో రాసి లేచిపోయారు.

నాలుగు రోజులకి షోకాజు నోటీసు వచ్చింది. చిదంబరానికి కాదు. 'ఏడవ నమూనా మీటకు' అని పైన స్పష్టంగా టైపు చేసి ఉంది. సంఘ సభ్యుల ఎదుట అవిధేయంగా శబ్దం చేసినందుకూ, మధ్యస్థితిలో ఉండుటకు నిరాకరించినందుకూ నీపై చర్య ఏల తీసుకొనరాదో వారంలోగా తెలుపుమని అందులో ఉంది. అంటించడానికి మీట మీద చోటు చాలక, ప్యూను దాన్ని చెక్కబల్లకి మేకుతో కొట్టి వెళ్ళాడు.

చిదంబరం దాని తరఫున జవాబు రాశాడు. 'అయ్యా, నేను ఇనుము, రాగి, పింగాణీలతో చేయబడినదానను. నాకు ఇంగ్లీషు గానీ తెలుగు గానీ రాదు. చిత్తగించవలెను.' భాష రానిదానికి జవాబు ఎలా రాయడం వచ్చిందో వివరించమని మళ్ళీ మెమో వచ్చింది. ఆ దెబ్బతో ఆయనకి నవ్వు పోయి దిగులు పట్టుకుంది. ఈ రాతకోతల్లో పాతిక రోజులు ఇట్టే కరిగిపోయాయి.

బెంచి దగ్గరికొచ్చి కూలబడ్డాడు. నూకాలమ్మ స్ప్రింగు చుడుతూ ఓరగా చూసింది.

"ఏటి బాబూ, అలగున్నారు? ఏటంటన్నారు పెద్దోళ్ళు?"

"మధ్యలో ఆగాలంటున్నారమ్మా స్విచ్చి."

"ఆగితే ఏటవుతాది?"

చిదంబరం స్క్రాపులోంచి ఓ పాత స్విచ్చి తీసి, కరెంటిచ్చి, పుల్లతో మీటని మధ్యలో నిలబెట్టాడు. చిటపటమని నీలం రంగు రవ్వలు లేచాయి, కంపు కొట్టింది, చూస్తుండగానే పింగాణీ నల్లగా కమిలిపోయింది. పదకొండు మందీ ఒక్కసారి వెనక్కి గెంతారు. ఆయన మెయిను తీసేశాడు.

"ఇలాంటిది ఎవరింటికో పంపమంటావా? ఏ పసిపిల్లో చెయ్యి పెడితే? నేను చెయ్యను. చెయ్యకపోతే మీరు వీధిన పడతారు. నాకేం పాలుపోవట్లేదు నూకాలమ్మా." నిజంగానే ఆయనకి ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

నూకాలమ్మ చేతిలో తీగ కింద పెట్టింది. తరవాత ఫక్కున నవ్వింది.

"మాయత్తా అంతే బాబూ. ఏ పని సెయ్యాలన్నా తనని అడగాల, తను ఆలోసించాల. ఆలోసించీసరికి తెల్లారిపోయీది. నాను ఎదర నిలబడి 'అలగే అత్తా, నువ్వు సెప్పీదాకా ఆగుతాను' అని తలకాయూపీదాన్ని. లోన సెయ్యాల్సింది సేసీసీదాన్ని. ఆవిడ పోయీదాకా నాను మంచి కోడల్నే."

బెంచిలో అందరూ గొల్లుమన్నారు. చిదంబరం మాత్రం నవ్వలేదు. నోరు తెరుచుకుని ఆవిడ వంకే చూస్తుండిపోయాడు. తరవాత లేచి పెన్సిలు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. పెన్సిలు చెవి మీదే ఉంది.

పది రోజులు తిండీ నిద్రా మరిచిపోయి పనిచేశారు. కొత్త స్విచ్చికి రెండు మీటలు. పైకి కనిపించేది ఒకటి, లోపల పనిచేసేది ఒకటి. పై మీటని సగం నొక్కగానే లోపలి స్ప్రింగు ఎప్పట్లాగే టక్కున తన పని ముగించేస్తుంది. రవ్వలుండవు, కాలడముండదు. పై మీట మాత్రం సరిగ్గా మధ్యలో నిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న పెద్దమనిషిలా ఆలోచిస్తూ ఉంటుంది. దాన్ని పైకంటా ఎత్తితే దీపం ఆరిపోతుంది. టక్ వినబడకుండా నూకాలమ్మ లోపల చిన్న రబ్బరు ముక్క పెట్టింది.

సంఘం మళ్ళీ కూర్చుంది. చిదంబరం మీటని సగం నొక్కి చెయ్యి తీసేశాడు. మీట మధ్యలో నిలిచింది. ముగ్గురూ ఆనందంతో ముందుకి వంగారు.

"ఆహా! ఎంత వినయం! ఎంత నిదానం!" అన్నారు వైకుంఠరావు గారు. అంతలో ఆయన కళ్ళు బల్బు మీద పడ్డాయి. మొహం ముడుచుకుపోయింది. "ఇదేమిటయ్యా? మీట ఇంకా పరిశీలనలో ఉండగానే దీపం వెలిగిపోయిందే?"

చిదంబరం బల్బుకేసీ మీటకేసీ చూశాడు. ఆ క్షణాన ఆయన నోటికి మాట ఎవరందించారో గానీ, పందొమ్మిదేళ్ళ సర్వీసే అందించి ఉంటుంది.

"తాత్కాలిక ప్రాతిపదికన వెలిగిందండీ."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వైకుంఠరావు గారి మొహం విప్పారింది.

"ఆ మాట ముందే చెప్పొద్దూ! తాత్కాలిక ప్రాతిపదికన అయితే ఎంతకాలమైనా వెలగొచ్చు."

"తుది ఉత్తర్వులకు లోబడి," అన్నారు సోమలింగం గారు రాసుకుంటూ.

"శుభం," అన్నారు నిపుణుడు గారు. ఆయన గొంతు వినడం అందరికీ అదే మొదలు.

కొత్త మీట ప్రారంభోత్సవానికి హెడ్డాఫీసు నుంచి ఛైర్మన్ గారు వస్తారన్నారు. ఆయనకి ఖాళీ ఉన్న రోజు చూసి ముహూర్తం పెడితే, అది సరిగ్గా ఎనభై తొమ్మిదో రోజైంది.

వైకుంఠరావు గారు ఏ లోటూ రానివ్వలేదు. మే నెల ఎండలో సమావేశ మందిరం కిటికీలకి నల్లటి తెరలు కట్టించారు, లేకపోతే దీపం వెలిగినట్టు తెలియదని. మందిరంలో ఉన్న దీపాలు, ఫ్యాన్లు, మైకు, వేదిక మీది ఏసీ, అన్నీ ఒక్క మీట మీద నడవాలన్నారు. చిదంబరం ఆ బరువుకి తగ్గట్టు అరచెయ్యంత మీట ప్రత్యేకంగా చేసి గోడకి బిగించాడు. పక్కన నిలబడి అందించడానికి నూకాలమ్మకి పసుపుచీర కట్టించి పళ్ళెం ఇచ్చారు. పళ్ళెంలో ఏముందని ఎవరూ అడగలేదు. ఏమీ లేదు.

ఛైర్మన్ గారు భారీ మనిషి. మీటని మధ్యదాకా నొక్కారు. మందిరమంతా ఒక్కసారి వెలిగింది, ఫ్యాన్లు తిరిగాయి, చప్పట్లు మోగాయి. ఆయన ఏసీ ముందు కూర్చుని చల్లబడ్డారు. వైకుంఠరావు గారు మైకు దగ్గరికొచ్చారు. చేతిలో పదకొండు మంది ఫైలు ఉంది.

"మా మహిళా కార్మికుల క్రమబద్ధీకరణ విషయము కూడా సంస్థ మరచిపోలేదని మనవి చేస్తున్నాను. నమూనా ఉత్పత్తికెక్కినందున ఫైలు కదిలినది. ఈ మీట వలెనే అది కూడా ప్రస్తుతము మధ్యస్థితిలో భద్రముగా ఉన్నది."

చప్పట్లు పడ్డాయి. కొట్టనిది ఆ పదకొండు మందే. నూకాలమ్మ పళ్ళెం కింద పెట్టింది.

"బాబూ, నాకో అనుమానం," అంది. మైకు లేకపోయినా ఆ గొంతు మందిరమంతా వినబడింది. "మీట మద్దిన ఉన్నా దీపం ఎలుగుతాది. మా ఫైలు పందొమ్మిదేళ్ళ బట్టీ మద్దిన ఉంది. మాకేటీ ఎలగనేదేటి?"

"కూర్చోమ్మా, అది తరవాత పరిశీలిస్తాం," అన్నారు వైకుంఠరావు గారు.

నూకాలమ్మ చెయ్యెత్తి మీటని పైకంటా తోసేసింది.

అంతా చీకటైపోయింది. ఫ్యాన్లు ఉస్సురంటూ ఆగాయి. ఏసీ ఆగింది. మైకు కుయ్యిమని చచ్చింది. వెలిగించబోయి వైకుంఠరావు గారు తడుముకుంటూ వెళ్ళి అకౌంటెంటు పొట్ట నొక్కారు. తెరలు లాగబోయి సోమలింగం గారు కుర్చీ తన్నుకుని పడ్డారు. మీట మీద నూకాలమ్మ చెయ్యుంది, ఆ చేతి మీద మరో పది మంది చేతులున్నాయి.

"తలుపులు తెరవండి!" అని ఎవరో అరిచారు. తెరిచారు, నియమం ప్రకారం సగం. గాలి బదులు మే నెల లోపలికొచ్చింది.

"వైకుంఠరావూ!" ఛైర్మన్ గారి గొంతు గట్టిగా వినిపించింది. "ఏమిటయ్యా ఆవిడ గొడవ?"

"ఏమీ లేదు సార్, ఒక సంతకం..."

"ఎవరిది?"

"నాదే సార్. కానీ విధానం ప్రకారం పరిశీలన దశ..."

"నేనిక్కడ ఆవిరి కుడుములా ఉడికిపోతుంటే నీకు దశలేమిటయ్యా! పెట్టి పారెయ్!"

"చీకట్లో సార్..."

ఛైర్మన్ గారు స్వయంగా తన సెల్లు తీసి లైటు వేసి పట్టుకున్నారు. ఆయన చెమట టపటపా ఫైలు మీద పడుతుండగా వైకుంఠరావు గారు పదకొండు కాగితాల మీద పదకొండు సంతకాలు చేశారు. 'నేటి నుంచే అమలు' అని సోమలింగం గారి చేత రాయించింది కూడా ఛైర్మన్ గారే. చిదంబరం కాగితాలు తీసుకుని, ఆ సెల్లు వెలుతురులోనే అన్నీ ఒక్కొక్కటే పైకి చదివాడు. నూకాలమ్మ చివరి పేరుదాకా విని మీట దించింది.

మర్నాడు పొద్దున చిదంబరం బల్ల మీద మెమో ఉంది. స్ప్రింగు బలం మితిమీరిందనీ, వచ్చే నమూనాలో దాన్ని తగ్గించవలెననీ రాశారు. ఆయన దాన్ని మడిచి, కాలు సరిగా ఆనని బల్ల కింద పెట్టాడు.

అప్పుడే బెంచి దగ్గర అలికిడైంది. నూకాలమ్మ ఎప్పటికన్నా ముందే వచ్చేసింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, తన చోట కూర్చుని కిటికీలోంచి బయటికీ, గోడలకేసీ, పైకప్పుకేసీ పరాయి ఊరొచ్చినట్టు చూస్తోంది. తీగ చేతిలోనే ఉంది గానీ ఇంకా చుట్టడం మొదలుపెట్టలేదు.

"ఏం నూకాలమ్మా, అలా చూస్తున్నావు?"

"తొంబయ్యో రోజు ఇక్కడ ఎలగుంటాదో నానెప్పుడూ సూడనేదు బాబూ."

చిదంబరం స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"ఎలా ఉంది?"

ఆవిడ మరోసారి చుట్టూ చూసింది. కళ్ళు తుడుచుకుని తీగ అందుకుంది.

"ఎనబై తొమ్మిదో రోజులాగే ఉంది బాబూ," అంది.